డిస్నీ వరల్డ్‌కు బయలుదేరే ముందు

ఊళ్లో తిరునాళ్లకో, పట్నంలో ఎగ్జిబిషన్‌కో మీరు వెళ్లే ఉంటారు. టిక్కెట్టు కొనడం, వరుసలో నిలబడడం, రంగులరాట్నమో జెయింట్ వీలో ఎక్కి దిగడం, బఠాణీలు తింటూ ఇంటికి రావడం. ఇదంతా ఒక సాయంత్రం పని. అదే ఎగ్జిబిషన్ ఒక నగరమంత పెద్దదైతే? ప్రతి ఆట ముందూ వెయ్యి మంది నిలబడి ఉంటే? అప్పుడు సరదాగా తిరిగి రావడానికి కూడా కాస్త శాస్త్రం తెలియాలి.

అలాంటి చోటు ఒకటి అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రంలో, ఒర్లాండో నగరం దగ్గర ఉంది. దాని పేరు వాల్ట్ డిస్నీ వరల్డ్. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలామంది పిల్లల్ని ఒక్కసారైనా అక్కడికి తీసుకువెళ్లాలనుకుంటారు. ఇక్కడి నుంచి చూడవచ్చిన అమ్మమ్మనో తాతయ్యనో కూడా వెంటబెట్టుకు వెళతారు.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. అమ్మ, నాన్న, పన్నెండేళ్ల అక్క, ఐదేళ్ల తమ్ముడు, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ. ఇదే వారి మొదటి ప్రయాణం. అక్కడ ఒక మనిషికి ఒక్క రోజు టిక్కెట్టు వంద డాలర్లకు పైనే. పదేళ్లు నిండినవారందరికీ పెద్దల టిక్కెట్టే. మూడేళ్లు నిండని పసివారికి మాత్రమే ఉచితం. విమానం, హోటలు, భోజనం ఖర్చులు వేరే. అంటే ఈ కుటుంబం ఎన్నో నెలలు కూడబెట్టిన సొమ్ము నాలుగు రోజుల్లో ఖర్చవుతుంది. ఆ నాలుగు రోజులూ ఎండలో వరుసల్లో నిలబడడంతోనే సరిపోతే? తమ్ముడు ఏడ్చి, అమ్మమ్మ సొమ్మసిల్లి, అందరూ ఒకరినొకరు విసుక్కుంటూ తిరిగి వస్తే? ఇది చిన్న నష్టం కాదు. దీన్ని తప్పించే లెక్కలు మీ పాఠ్యపుస్తకాల్లోనే ఉన్నాయి. రండి, చూద్దాం.

ఎంత పెద్దది?

వాల్ట్ డిస్నీ బొమ్మల సినిమాలు తీసిన సంగతి మీకు తెలుసు. ఆయన 1955లో కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ అనే పార్కు తెరిచాడు. అది పేరు తెచ్చుకోగానే చుట్టూ ఖాళీగా ఉన్న స్థలాల్లో ఇతరుల హోటళ్లు, దుకాణాలు మొలిచాయి. పార్కు పెరగడానికి చోటు లేకపోయింది. అందుకని రెండోసారి ముందే జాగ్రత్తపడ్డాడు. ఫ్లోరిడాలో చిత్తడి నేలలతో, అడవితో నిండిన విశాలమైన భూమిని వేరు వేరు కంపెనీల పేర్లతో చడీచప్పుడు కాకుండా కొనిపించాడు. అక్కడ పార్కు పూర్తయ్యేనాటికి ఆయన లేడు. 1966లో మరణించాడు. ఆయన అన్న రాయ్ డిస్నీ ఆ బాధ్యత తలకెత్తుకొని 1971 అక్టోబరు 1న ద్వారాలు తెరిపించాడు.

ఆ స్థలం వైశాల్యం సుమారు 100 చదరపు కిలోమీటర్లు. అంటే 10 కిలోమీటర్ల పొడవు, 10 కిలోమీటర్ల వెడల్పు ఉన్న చదరమన్నమాట. అందులో నాలుగు పెద్ద పార్కులున్నాయి. మొదటిది మ్యాజిక్ కింగ్‌డమ్, 1971లో తెరిచారు. విజ్ఞానాన్నీ వివిధ దేశాల సంస్కృతినీ చూపే ఎప్‌కాట్ 1982లో వచ్చింది. సినిమాల పార్కు 1989లో, జంతువుల పార్కు యానిమల్ కింగ్‌డమ్ 1998లో వచ్చాయి. పటంలో పక్కపక్కనే కనబడినా ఒక పార్కు నుంచి మరో పార్కుకు బస్సులోనో, కారులోనో, గాలిలో వేలాడే పెట్టెలోనో, మోనోరైలులోనో వెళ్లాలి.

కాబట్టి మొదటి సూత్రం: రోజుకు ఒక్క పార్కు. ఉన్నది రెండే రోజులైతే రెండే పార్కులు ఎంచుకోవాలి. నాలుగూ ఒకేసారి చూడాలని పరుగెత్తేవారు దేన్నీ సరిగా చూడరు.

మరో సంగతి. మ్యాజిక్ కింగ్‌డమ్‌కు కారులో వెళితే కారు ఆపే చోటు ద్వారం పక్కన ఉండదు. మధ్యలో మనుషులు తవ్విన పెద్ద చెరువొకటి ఉంది. దాన్ని పడవలో దాటాలి, లేదా చుట్టూ తిరిగే మోనోరైలెక్కాలి. సంచుల తనిఖీ కూడా ఉంటుంది. “పార్కు తెరిచేది తొమ్మిదికి కదా” అని తొమ్మిదికి కారు ఆపితే లోపల అడుగుపెట్టేసరికి పది కావస్తుంది. ఆ గంట ఎంత విలువైనదో ఇంకాసేపట్లో లెక్క కట్టి చూద్దాం.

ఆ చెరువు తవ్విన మట్టి ఎక్కడికి పోయిందో తెలుసా? అక్కడ కొద్దిగా తవ్వితే చాలు, నీరు ఊరుతుంది. అందువల్ల నేల కింద సొరంగాలు కట్టడం కష్టం. ఇంజనీర్లు నేలమీదనే సొరంగాల్లాంటి దారులు కట్టి, చెరువు మట్టిని వాటి చుట్టూ, పైనా పోసి, ఆ ఎత్తుమీద పార్కు నిర్మించారు. సందర్శకులు నేలమీద నడుస్తున్నామనుకుంటారు గానీ నిజానికి వాళ్లు మొదటి అంతస్తులో ఉంటారు. పనివారు, సరుకులు కిందనే తిరుగుతుంటారు. చెత్త కూడా గొట్టాల్లో గాలి ఒత్తిడితో కొట్టుకుపోతుంది.

ఎప్పుడు వెళ్లాలి?

ఒర్లాండో అక్షాంశం సుమారు ఇరవై ఎనిమిదిన్నర డిగ్రీల ఉత్తరం. మన ఢిల్లీ కూడా దాదాపు అదే అక్షాంశంమీద ఉంది. కానీ శీతోష్ణస్థితి మాత్రం ఢిల్లీలా ఉండదు. ఫ్లోరిడా ఒక ద్వీపకల్పం. తూర్పున అట్లాంటిక్ మహాసముద్రం, పడమట మెక్సికో సింధుశాఖ. జూలైలో పగటి ఉష్ణోగ్రత 33 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. మనకది లెక్కలోనిది కాదనిపిస్తుంది. కానీ గాలిలో తేమ ఎక్కువ. కోస్తా జిల్లాల పిల్లలకు ఉక్కపోత అంటే ఏమిటో వేరే చెప్పనక్కర లేదు.

వేసవి మధ్యాహ్నాలలో అక్కడ తరచుగా ఉరుములు, మెరుపులతో వాన పడుతుంది. ఎందుకు? నేల త్వరగా వేడెక్కుతుంది, నీరు మెల్లగా వేడెక్కుతుంది. నేలమీది వేడిగాలి పైకి పోతే, ఆ చోటు నింపడానికి సముద్రం నుంచి చల్లగాలి వీస్తుంది. ఇదే సముద్రపవనం. మన తీరంలో ఇది ఒక్క వైపు నుంచే వస్తుంది. ఫ్లోరిడాలోనో, తూర్పు నుంచి ఒకటి, పడమటి నుంచి ఒకటి వచ్చి నడిమధ్యలో కలుసుకుంటాయి. కలిసిన గాలికి పైకి పోవడం తప్ప వేరే దారి లేదు. తేమతో నిండిన ఆ గాలి పైకి లేచి చల్లబడి పెద్ద ఉరుము మేఘాలవుతుంది. ఒర్లాండో సరిగ్గా ఆ నడిమధ్య ఉంది!

మెరుపులు దగ్గరకొస్తే ఆరుబయట తిరిగే రైడ్‌లన్నీ ఆపేస్తారు. కాబట్టి వేసవిలో వెళ్లేవారు ఆరుబయటి రైడ్‌లు ఉదయం ముగించి, పైకప్పు ఉన్నవి మధ్యాహ్నానికి ఉంచుకోవాలి. మెరుపు కనబడిన తరువాత ఉరుము వినబడేవరకు సెకన్లు లెక్కపెట్టండి. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. 30 సెకన్ల లోపే ఉరుము వినబడితే మెరుపు 10 కిలోమీటర్లలోపు ఉందన్నమాట. వెంటనే భవనంలోకి వెళ్లాలి. చెట్టు కింద నిలబడరాదు.

నవంబరు నుంచి మార్చి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. అయితే క్రిస్మస్ వారంలోను, అక్కడి బడులకు వసంత సెలవులిచ్చినప్పుడు జనం విరగబడతారు. టిక్కెట్టు ధర కూడా అన్ని రోజులూ ఒక్కటి కాదు. రద్దీ రోజుకు ఎక్కువ, మామూలు రోజుకు తక్కువ.

“జనం పది శాతం ఎక్కువైతే ఏమవుతుంది? వరుస కూడా పది శాతం పెరుగుతుంది, అంతే కదా!” అనుకుంటున్నారా? అలా కాదు. ఈ సంగతిని మొదట లెక్కలోకి తెచ్చినవాడు డెన్మార్క్ దేశపు గణిత శాస్త్రజ్ఞుడు ఆగ్నర్ ఎర్లాంగ్. ఆయన కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేశాడు. ఎన్ని తీగలు వేస్తే ఫోను చేసేవారు ఎక్కువసేపు ఆగనక్కర లేదో ఆయన తేల్చవలసి వచ్చింది. దానిమీద తొలి వ్యాసం 1909లో ప్రచురించాడు. ఈనాడు వరుసల శాస్త్రమని పిలిచేది దానినుంచి పుట్టిందే.

ఒకే గుమాస్తా కూర్చున్న టిక్కెట్టు కిటికీ ఊహించుకోండి. జనం ఎవరికి తోచినప్పుడు వాళ్లు వస్తారు. ఒకరి పని అర నిమిషంలో అయిపోతుంది, మరొకరిది అయిదు నిమిషాలు పడుతుంది. గుమాస్తా తన కాలంలో సగం మాత్రమే పనిలో ఉంటే కిటికీ దగ్గర సగటున ఒక్కరు ఉంటారు. 80 శాతం పనిలో ఉంటే నలుగురు. 90 శాతమైతే తొమ్మిదిమంది. 95 శాతమైతే పంతొమ్మిదిమంది! చూశారా? 90 నుంచి 95కు పని పెరిగింది కొంచెమే. వరుస మాత్రం రెండింతలు దాటింది. నిండడానికి దగ్గరగా ఉన్న చోట మరి కొద్దిమంది చేరినా వరుస హఠాత్తుగా పెరుగుతుంది. దీన్నే తిరగేసి చూడండి. జనం కొంచెం తక్కువగా ఉండే రోజును ఎంచుకుంటే వరుస చాలా తగ్గుతుంది. తేదీలు అటూ ఇటూ మార్చుకోగలిగిన కుటుంబానికి ఇంతకన్న మంచి సలహా లేదు.

వరుస ఎలా పెరుగుతుంది?

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. 1961లో జాన్ లిటిల్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఒక సూత్రాన్ని నిరూపించాడు. చూడడానికి అది చాలా సులువు. వరుసలో ఉన్నవారి సంఖ్య, గంటకు వచ్చిపోయే జనాన్ని వేచివుండే కాలంతో గుణిస్తే వచ్చే సంఖ్యకు సమానం. దీన్నిబట్టి ముందున్నవారి సంఖ్యను, గంటకు ఎందరు లోపలికి పోతున్నారో ఆ సంఖ్యతో భాగిస్తే మనం ఎంతసేపు ఆగాలో తెలుస్తుంది.

ఒక రైడ్ గంటకు 1,200 మందిని ఎక్కించుకోగలదనుకుందాం. ఉదయం 9 గంటలకు పార్కు తెరిచేసరికి దాని ముందు 100 మంది ఉన్నారు. వారి వెనక నిలబడితే ఎంతసేపు ఆగాలి? 100ను 1,200తో భాగిస్తే గంటలో పన్నెండో వంతు. అంటే 5 నిమిషాలు.

9 నుంచి 11 దాకా గంటకు 1,800 మంది వస్తున్నారనుకోండి. ఎక్కేది 1,200 మంది. కనుక గంటకు 600 మంది మిగులుతారు. 10 గంటలకు వరుసలో 700 మంది ఉంటారు. ఆగవలసిన కాలం 35 నిమిషాలు. 11 గంటలకు 1,300 మంది. కాలం 65 నిమిషాలు.

11 తరువాత రాక తగ్గి గంటకు సరిగ్గా 1,200 మందే వస్తున్నారనుకుందాం. వచ్చినంతమందీ ఎక్కుతున్నారు. మరి వరుస మాయమైపోతుందా? పోదు! ముందు చేరిన 1,300 మంది అలాగే ఉంటారు. మనుషులు మారతారు, వరుస మాత్రం తరగదు. మధ్యాహ్నం 3 దాకా వచ్చిన ప్రతివాడూ 65 నిమిషాలు నిలబడవలసిందే. పొద్దున రెండు గంటల్లో చేసిన అప్పుకు పగలంతా వడ్డీ కడుతున్నట్టుంది కదూ!

3 తరువాత గంటకు 900 మందే వస్తే గంటకు 300 చొప్పున వరుస తగ్గుతుంది. నాలుగు గంటల్లో 1,200 తగ్గి, రాత్రి 7 గంటలకు మళ్లీ 100 మందే మిగులుతారు. ఆగవలసింది 5 నిమిషాలు.

ఈ అంకెలు మనం ఊహించుకున్నవే. కానీ వరుస పెరిగే తీరు అదే. కాబట్టి రెండో సూత్రం: తెరిచేవేళకు ముందే ద్వారం దగ్గర ఉండాలి. పేరున్న రైడ్‌లను మొదటి గంటలోను, చివరి గంటల్లోను చూడాలి. నడిమధ్యాహ్నం భోజనానికి, బొమ్మల ప్రదర్శనలకు, విశ్రాంతికి కేటాయించాలి. ఆ సంస్థ సొంత హోటళ్లలో బస చేసేవారిని అరగంట ముందుగానే లోపలికి పంపుతారు. ఆ అరగంట ధర కూడా హోటలు అద్దెలో ఉందని పెద్దలు గ్రహించాలి.

వరుసలో పట్టే కాలాన్ని అక్కడివారు ఎలా కొలుస్తారు? ఒక పద్ధతి చాలా సులువు. వరుస చివర చేరిన ఒకరి చేతికి ఒక కార్డు ఇస్తారు. అది ముందుకు చేరగానే తీసుకొని, మధ్య ఎంతసేపు గడిచిందో చూస్తారు. ఆ అంకెలే బోర్డుమీద, టెలిఫోన్ తెరమీద కనబడతాయి.

డబ్బిస్తే వరుస తగ్గుతుందా?

1999లో డిస్నీ సంస్థ ఫాస్ట్‌పాస్ అనే పద్ధతి పెట్టింది. యంత్రం నుంచి ఒక చీటీ తీసుకుంటే ఫలానా గంటలో వచ్చి చిన్న వరుసలో ఎక్కవచ్చు. దానికి రుసుము లేదు. తిరుమలలో సమయం వేసిన టోకెన్ ఇస్తే భక్తులు ఆ వేళకు వచ్చి క్యూలో చేరుతారు కదా, ఆలోచన అలాంటిదే. 2021 నుంచి దాని స్థానంలో డబ్బు చెల్లించి ముందుకు వెళ్లే దారి వచ్చింది. దాన్ని లైట్నింగ్ లేన్ అంటారు.

కొందరు డబ్బిచ్చి ముందు వెళితే ఏమవుతుందో లెక్క కట్టండి. మన రైడ్ గంటకు 1,200 మందినే ఎక్కించుకుంటుంది. వారిలో 300 మంది డబ్బిచ్చినవారైతే, మామూలు వరుసకు మిగిలేవి 900 చోట్లే. డబ్బిచ్చినవారు ఆగకుండా పోతారు కనుక ఆ 1,300 మంది వరుసంతా ఇప్పుడు మామూలువారిదే. 1,300ను 900తో భాగిస్తే 86 నిమిషాల 40 సెకన్లు.

మునుపు 1,200 మంది తలకు 65 నిమిషాలు ఆగారు. మొత్తం 78,000 నిమిషాలు. ఇప్పుడు 900 మంది తలకు 86 నిమిషాల 40 సెకన్లు ఆగుతున్నారు. గుణించి చూడండి. సరిగ్గా 78,000 నిమిషాలే! వేచివుండే కాలం ఎక్కడికీ పోలేదు. ఒకరి భుజంమీద నుంచి మరొకరి భుజంమీదికి మారింది, అంతే. యంత్రానికి కుర్చీలు పెంచితే తప్ప ఈ మొత్తం తగ్గదు.

ఇది న్యాయమా అన్నది మీరు తరగతిలో చర్చించవలసిన ప్రశ్న. మన కుటుంబం మాత్రం ఒక పని చేయవచ్చు. ఉదయం ఏడింటికే ద్వారం దగ్గరుండగలిగితే ఆ ఖర్చు చాలావరకు మిగిలించుకోవచ్చు. ఒక్క రోజే ఉండి, జనం క్రిక్కిరిసిన వేళ వెళ్లక తప్పనివారికి అది పనికిరావచ్చు.

ఏది ముందు, ఏది వెనక?

ఒక రోజుకు ఎనిమిది రైడ్‌లు ఎంచుకున్నారనుకోండి. వాటిని ఎన్ని క్రమాల్లో చూడవచ్చు? మొదటిదానికి 8 అవకాశాలు, రెండోదానికి 7, మూడోదానికి 6... ఇలా అన్నీ గుణిస్తే 40,320. పది రైడ్‌లైతే 36,28,800! కంప్యూటర్లు కూడా ఇలాంటి సమస్యలతో కుస్తీ పడుతుంటాయి. ఎన్నో ఊళ్లు తిరిగి ఇల్లు చేరవలసిన వ్యాపారి ఏ దారిన పోతే దూరం తక్కువ అన్న సమస్య గణితంలో చాలా ప్రసిద్ధమైనది. ఇది దానికి చుట్టమే. పైగా ఇక్కడ వేళనుబట్టి వరుస కూడా మారుతుంది.

అన్ని క్రమాలూ పరీక్షించనక్కర లేదు. రెండు నియమాలు చాలు. ఒకటి: వరుస వేగంగా పెరిగేదాన్ని ముందు చూడాలి. ఉదాహరణకు మొదటి రైడ్ దగ్గర 9 గంటలకు 5 నిమిషాలు, తొమ్మిదిన్నరకు 20 నిమిషాలు ఆగాలి. రెండోదాని దగ్గర 9కి 5, తొమ్మిదిన్నరకు 8 నిమిషాలు. మొదటిది ముందు చూస్తే మొత్తం 13 నిమిషాలు. రెండోది ముందు చూస్తే 25. రెండు రైడ్‌లకే 12 నిమిషాల తేడా. రెండు: ఆ తరువాత దగ్గరున్నవి దగ్గరగా చూసుకుంటూ పోవాలి. ఈ మూలనుంచి ఆ మూలకు పరుగులు పెట్టకూడదు.

తమ్ముడి నాలుగు సెంటీమీటర్లు

మ్యాజిక్ కింగ్‌డమ్‌లో స్పేస్ మౌంటెన్ అనే రైడ్ ఉంది. 1975లో మొదలైంది. చీకటిలో, నక్షత్రాల మధ్య రాకెట్‌లో దూసుకుపోతున్నట్టుంటుంది. దిగినవారు “అబ్బో, గంటకు నూరు కిలోమీటర్ల వేగం!” అంటారు. నిజానికి దాని గరిష్ఠ వేగం గంటకు 45 కిలోమీటర్లే. మన ఊరి బస్సు వేగం! మరి ఎందుకంత భయం? మన శరీరానికి వేగం తెలియదు. వేగంలో మార్పు మాత్రమే తెలుస్తుంది. బస్సు తిన్నగా పోతుంటే కునుకు పడుతుంది. హఠాత్తుగా మలుపు తిరిగితే పక్కవారిమీద పడతాం. అది జడత్వం. చీకటిలో మలుపు ఎటు వస్తుందో కనబడదు. అందువల్ల శరీరం ముందుగా సర్దుకోలేదు. ప్రతి కుదుపూ కొత్తగానే తగులుతుంది.

ఈ రైడ్ ఎక్కడానికి కనీసం 112 సెంటీమీటర్ల ఎత్తుండాలి. తమ్ముడు 108. “నాలుగు సెంటీమీటర్లే కదా, దళసరి బూట్లు వేద్దాం” అనుకోవడం ప్రమాదం. మలుపులో శరీరం బయటికి విసిరినట్టవుతుంది. దాన్ని పట్టి ఉంచేది ఒడిమీది కడ్డీ. ఇంత ఎత్తున్న మనిషికి సరిపోయేటట్టు లెక్క కట్టి దాన్ని అమర్చారు. చిన్నపిల్లవాడైతే దాని కిందనుంచి జారిపోవచ్చు. కాబట్టి బయలుదేరే ముందే ఇంట్లో గోడకు ఆనించి ఎత్తు కొలిచి, ఏవి ఎక్కవచ్చో ఏవి ఎక్కకూడదో వాడికి నచ్చజెప్పాలి. ద్వారం దగ్గర గంట నిలబడి, కర్ర పక్కన కొలిచి, “నువ్వు వద్దు” అనిపించుకుంటే ఆ పసివాడి మనసు ఎంత నొచ్చుకుంటుంది! నాన్న, అక్క ఎక్కి వచ్చేదాకా అమ్మ తమ్ముడితో ఆగితే, తరువాత అమ్మ మళ్లీ పెద్ద వరుసలో నిలబడకుండా ఎక్కే ఏర్పాటు ఉంది. ముందుగా అక్కడి పనివారికి చెప్పాలి. గుండెజబ్బు, మెడనొప్పి, నడుమునొప్పి ఉన్నవారు ఇలాంటివి ఎక్కకూడదు.

అమ్మమ్మ, ఎండ, కాళ్లు

పార్కులో గంటకు 4 కిలోమీటర్ల చొప్పున మొత్తంమీద మూడు గంటలు నడిస్తే 12 కిలోమీటర్లు. అడుగుకు 60 సెంటీమీటర్లు వేసుకుంటే 20,000 అడుగులు! అందుకే కొత్త చెప్పులు పనికిరావు. చర్మం రాపిడికి పొక్కులు లేస్తాయి. అరిగి అలవాటైన బూట్లు, పొడి మేజోళ్లు మేలు. అమ్మమ్మకు చక్రాల కుర్చీ అద్దెకు తీసుకోవడం చిన్నతనం కాదు. ఆమె “నేను నడవగలను” అంటుంది. నడవగలదు కూడా, కానీ రోజంతా కాదు.

ఒక గ్రాము చెమట ఆవిరి కావాలంటే సుమారు 580 కెలోరీల వేడి కావాలి. ఆ వేడిని అది శరీరం నుంచి తీసుకుంటుంది. అందుకే చెమట పట్టినప్పుడు గాలి తగిలితే చల్లగా ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆవిరి కాక కారిపోతుంది. నీరు పోతుంది గానీ ఒళ్లు చల్లబడదు. కనుక దాహం వేసేదాకా ఆగకుండా కొద్దికొద్దిగా నీళ్లు తాగాలి. తినుబండారాల కౌంటర్ల దగ్గర అడిగితే చల్లని నీళ్లు ఊరికే ఇస్తారు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చేటట్టుండడం వడదెబ్బకు ముందు గుర్తులు. వెంటనే నీడకు చేర్చి, నీళ్లు తాగించి, తడిగుడ్డతో తుడవాలి. మాట తడబడినా, స్పృహ తప్పినా క్షణం ఆలస్యం చేయకూడదు. ప్రతి పార్కులోను ప్రథమచికిత్స కేంద్రం ఉంది. పొద్దున్నే అది ఎక్కడుందో పటంలో చూసుకోవాలి.

తిండి వెంట తీసుకువెళ్లవచ్చు. గాజుసీసాలు మాత్రం పనికిరావు. పులిహోర కట్టుకుంటే మంచిది. చింతపండులోని ఆమ్లం వల్ల సూక్ష్మజీవులు త్వరగా పెరగవు. అయినా ఆ ఎండలో మధ్యాహ్నం లోపలే తినేయాలి.

ఇంకొక్క మాట. వేసవిలో ఇండియా గడియారం ఫ్లోరిడా గడియారం కన్న తొమ్మిదిన్నర గంటలు ముందుంటుంది. అమ్మమ్మ విమానం దిగింది గానీ ఆమె శరీరంలోని గడియారం ఇంకా మన ఊళ్లోనే ఉంది. జీవకణాలలో ఈ గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్ అనే శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ గడియారం రోజుకు దాదాపు గంట చొప్పున మాత్రమే సర్దుకుంటుంది. వెలుతురు దాన్ని సరిచేస్తుంది. కాబట్టి ఆమె వచ్చిన పది రోజులకు గానీ ఈ ప్రయాణం పెట్టుకోకూడదు.

కాగితంమీద ఖాళీ

ఇప్పుడు అక్క ఒక కాగితం తీసుకొని ప్రణాళిక రాయవచ్చు. పైన తేదీ, తెరిచే వేళ, బయలుదేరే వేళ. కింద ఒక్కొక్కరు తప్పక చూడాలనుకున్నది ఒక్కటి మాత్రమే. అయిదుగురికి అయిదు. అవి ముందు. మిగిలినవన్నీ తరువాత. మధ్యాహ్నం రెండు గంటలు ఏమీ రాయకుండా ఖాళీగా వదిలేయాలి. ఎర్లాంగ్ గుమాస్తాను మరిచిపోలేదు కదా? నూటికి నూరుపాళ్లు నింపిన రోజులో ఒక్క వాన, ఒక్క ఆలస్యం పడినా పనులన్నీ ఒకదానిమీద ఒకటి పేరుకుపోతాయి. ఖాళీ ఉంటే అన్నీ సర్దుకుంటాయి.

తమ్ముడి జేబులో నాన్న ఫోను నంబరు రాసిన చీటీ ఉండాలి. పొద్దున్నే వాడి ఫొటో ఒకటి తీసి ఉంచాలి. తప్పిపోతే ఏ రంగు చొక్కా వేశాడో కంగారులో గుర్తుకు రాదు. పేరుపట్టీ పెట్టుకున్న పనివారి దగ్గరికి వెళ్లమని వాడికి ముందే నేర్పాలి.

ప్రణాళిక ఒక ఊహ మాత్రమే. ప్రయోగశాలలో ఊహ తప్పితే మనం ప్రయోగాన్ని తిట్టం, ఊహను సరిదిద్దుకుంటాం. ఇక్కడా అంతే. పొద్దున ఏడింటికి రాసిన కాగితం పదింటికి పనికిరాకపోతే కోపం వద్దు. కాగితాన్ని మార్చండి. అమ్మమ్మ చెట్టునీడలో కూర్చుని మనుమడితో పులిహోర తిన్న అరగంట ఏ లెక్కలోకీ రాకపోవచ్చు. వాడికి పెద్దయ్యాక గుర్తుండేది బహుశా అదే.

మీరే చేసి చూడండి

1. రేషన్ దుకాణం, బస్‌స్టాండు టిక్కెట్టు కిటికీ, లేదా బడిలో మధ్యాహ్న భోజనం వరుస దగ్గర నిలబడండి. వరుసలో ఎందరున్నారో లెక్కించండి. పది నిమిషాల్లో ఎందరి పని పూర్తయిందో చూడండి. ఆఖరివారు ఎంతసేపు ఆగాలో లిటిల్ సూత్రంతో కట్టి, గడియారంతో సరిచూడండి.

2. వరుస చివర చేరిన మీ స్నేహితుడి చేతికి ఒక చీటీ ఇచ్చి, అది ముందుకు చేరే కాలం కొలవండి. రెండు జవాబులూ కలిశాయా? కలవకపోతే ఎందుకు?

3. గంటకు 1,200 మందిలో 600 మంది డబ్బిచ్చి ముందు వెళితే, 1,300 మంది ఉన్న మామూలు వరుసలో ఎంతసేపు ఆగాలి? మొత్తం నిమిషాలు మారాయేమో చూడండి.